రోడ్డు ప్రమాదం తర్వాత మనసు కుదుటపడటానికి థెరపీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎముక అతుక్కుంటుంది, కుట్లు విప్పేస్తారు, ఎక్స్‌రే చూసి డాక్టరుగారు ఇక పర్లేదంటారు. భయం మాత్రం అలాగే మిగిలిపోతుంది. దాని గురించి ఎవరిని అడగాలో తెలియక దెబ్బ తిన్నవాళ్లూ, ఇంట్లోవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఏ దశలో ఉన్నవాళ్లు ఆ దశకి సంబంధించినవి చదువుకుంటే చాలు.

## మొదటి నెల

పది రోజులైంది. కళ్లు మూస్తే అదే కనపడుతోంది. నాకు మతి చెడుతోందా?

లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు జరిగినదంతా ఒక వరసలో జ్ఞాపకంగా నిలవదు, ముక్కలు ముక్కలుగా నిలుస్తుంది: ఎదురుగా వచ్చిన హెడ్‌లైటు, బ్రేకు కీచుమన్న శబ్దం, పెట్రోలు వాసన. ఆ ముక్కలే పిలవకుండా వచ్చి పడుతుంటాయి. ఉలికిపాటు, ఆకలి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం కూడా ఈ రోజుల్లో మామూలే. ఎక్కువమందిలో నాలుగైదు వారాల్లో ఇవి వాటంతటవే పలచబడతాయి. అందుకే నెల దాటనిదే పీటీఎస్‌డీ (పెద్ద ఆఘాతం తర్వాత వదలకుండా పట్టుకునే మానసిక జబ్బు) అనే పేరు పెట్టరు.

అయితే చచ్చిపోవాలనిపించినా, మనుషుల్ని గుర్తుపట్టలేకపోతున్నా, వరసగా కొన్ని రాత్రులు బొత్తిగా నిద్ర లేకపోయినా నెల నిండేదాకా ఆగకండి. అదే రోజు డాక్టరుకి చూపించుకోండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

జరిగిందంతా ఒకసారి చెప్పించేస్తే బరువు దిగిపోతుందంటున్నారు. వెంటనే కౌన్సెలింగ్ చేయించాలా?

ఒకప్పుడు అలాగే చేసేవారు. ప్రమాదం జరిగిన కొద్దిరోజులకే కూర్చోబెట్టి మొత్తం ఒక్క సిట్టింగ్‌లో చెప్పించేవారు. అది పీటీఎస్‌డీని ఆపలేదని, కొందరికి కీడు కూడా చేసిందని పరిశోధనల్లో తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ వద్దని చెప్పేశాయి.

ఈ రోజుల్లో కావలసింది వేరు: నొప్పి అదుపులో ఉండటం, అయినవాళ్లు పక్కన ఉండటం, తర్వాత ఏం చేయబోతున్నారో ఆసుపత్రివాళ్లు అర్థమయ్యేలా చెప్పడం. తనంతట తాను చెబితే వినండి, గుచ్చి గుచ్చి అడగొద్దు. మన దగ్గర అసలు ఇబ్బంది పరామర్శలతోనే. వచ్చిన ప్రతివాళ్లూ 'అసలెలా జరిగింది?' అని మొదలుపెడతారు, మంచం మీదున్న మనిషి రోజుకి పదిసార్లు ఆ కథ చెప్పాలి. ఇంట్లో ఒకరు గుమ్మం దగ్గరే నాలుగు ముక్కల్లో చెప్పేసి, 'లోపల ఆ సంగతి ఎత్తకండి' అనేస్తే ఎంతో మేలు.

నిద్ర పట్టడం లేదు. అల్‌ప్రాజొలామ్ వేసుకోవచ్చా?

మొదటి నెలలో ఇలాంటి భయానికి అల్‌ప్రాజొలామ్, క్లోనజెపామ్, డయజెపామ్ జాతి మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. అవి పీటీఎస్‌డీని నివారించవు, పైగా అలవాటవుతాయి. ట్రమడాల్ లాంటి నొప్పి మందుతోనో, మద్యంతోనో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఇప్పటికే కొన్ని వారాలుగా వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మానకండి, డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గించుకుంటూ రావాలి.

రాత్రి మెలకువకి చాలాసార్లు కారణం భయం కాదు, నొప్పి. సాయంత్రం వేసుకున్న మందు తెల్లవారుజామున మూడింటికి దిగిపోతుంటే, వేళలు మార్చమని ఆర్థోపెడిక్ డాక్టరుని అడగండి. ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకి లేవండి, మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీలు ఆపండి. వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ సీసీటీవీ క్లిప్పు ఫోన్లోంచి తీసేయండి. నిద్ర కోసం ఒక పెగ్గు వేస్తే ముందు పట్టేస్తుంది, అర్ధరాత్రి దాటాక చెదిరిపోతుంది.

తలకి దెబ్బ తగిలింది. ఈ మతిమరుపు, చిరాకు మెదడువల్లా, మనసువల్లా?

రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ముందు మెదడు సంగతి తేల్చుకోవాలి. తలనొప్పి అంతకంతకూ పెరగడం, ఆగని వాంతులు, మత్తుగా పడిపోవడం, ఫిట్స్, ఒక పక్క పట్టు తప్పడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలా కారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

అవేమీ లేకపోతే ఒక చిన్న గుర్తు. ఫోను చూసినా, శ్రమపడినా తలనొప్పి, కళ్లు తిరగడం పెరుగుతుంటే అది దెబ్బవైపు సూచన. హారన్ మోగగానే గుండె దడదడలాడుతుంటే అది భయంవైపు సూచన. చాలామందిలో రెండూ ఉంటాయి.

ప్రమాద క్షణం అసలు గుర్తులేకపోతే కంగారుపడకండి. స్పృహ తప్పిన సమయం మెదడులో నమోదే కాదు, హిప్నాటిజం చేసినా తిరిగి రాదు. అయినా థెరపీ పనిచేస్తుంది. గుర్తున్న ముక్కలమీద, అంబులెన్సు, ఐసీయూ జ్ఞాపకాల మీద పని చేస్తారు. తలదెబ్బ సంగతి థెరపిస్టుకి మొదటే చెప్పండి: సెషన్లు కుదించి, ముఖ్యమైనవి కాగితం మీద రాసిస్తారు.

## నెల దాటాక

ఇది మామూలు భయమా, పీటీఎస్‌డీయా? ఎలా తెలుస్తుంది?

నాలుగు రకాల లక్షణాలు చూస్తారు. ఒకటి, జ్ఞాపకం మీద పడటం: పీడకలలు, ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించడం. రెండు, తప్పించుకోవడం: ఆ దారి, ఆ బండి, ఆ మాట. మూడు, ఆలోచనల్లో మార్పు: 'అంతా నా తప్పే', 'రోడ్డు మీద ఎవరినీ నమ్మలేం', దేనిమీదా ఆసక్తి లేకపోవడం. నాలుగు, ఒళ్లంతా ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టుండటం: కుక్కర్ విజిల్‌కి ఎగిరిపడటం, పిల్లల మీద విసుక్కోవడం, ఏకాగ్రత లేకపోవడం. ఈ నాలుగూ నెలకి మించి ఉండి, ఉద్యోగానికో ఇంటికో అడ్డం పడుతుంటే పరీక్ష చేయించుకోవాలి.

పీసీఎల్-5 అనే ప్రశ్నావళి వాడతారు. 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. సుమారు 31 నుంచి 33, ఆ పైన వస్తే పీటీఎస్‌డీ ఉండొచ్చని అనుమానిస్తారు. అది జబ్బు నిర్ధారణ కాదు, ఆ పని నిపుణులది. స్కోరు తక్కువ వచ్చినంత మాత్రాన ఏమీ లేదని కాదు: కొందరికి బండి భయం ఒక్కటే ఉంటుంది, కొందరికి డిప్రెషన్ ఉంటుంది. వాటికీ చికిత్స ఉంది.

దడుచుకున్నానని అమ్మ తాయెత్తు కట్టించింది. అది చాలదా?

కట్టుకోండి, తప్పేం లేదు. 'వీడు దడుచుకున్నాడు' అని ఇంట్లో గుర్తించడమే మంచి సంగతి, చాలా ఇళ్లలో నటిస్తున్నాడంటారు. కొట్టడం, పొగ పెట్టడం, పస్తులుంచడం, మందులు మాన్పించడం ఉన్నచోటికి మాత్రం వెళ్లకండి. తాయెత్తు కట్టి నెల దాటినా నిద్ర రాకపోతే, బండి ఎక్కలేకపోతే, తాయెత్తుతోనే థెరపిస్టు దగ్గరికి వెళ్లండి. తీసేయమని ఎవరూ అనరు.

సైకియాట్రిస్టా, సైకాలజిస్టా? ఎవరి దగ్గరికి, ఎక్కడికి?

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, థెరపీ చేస్తారు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. 'కౌన్సెలర్' అన్న బోర్డు ఒక్కటే చూసి లోపలికి వెళ్లకండి.

అపాయింట్‌మెంటుకి ముందు ఫోన్లోనే ఇవి అడగండి: ప్రమాదాల తర్వాత వచ్చే పీటీఎస్‌డీకి థెరపీ చేస్తారా? ఏ పద్ధతి? సుమారు ఎన్ని సెషన్లు? తెలుగులో చేస్తారా? చివరిది చిన్న విషయం కాదు. భయపడిన క్షణాన్ని మనిషి తన ఇంటి మాటలోనే చెప్పగలడు.

ప్రభుత్వ వైద్య కళాశాలల బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలుంటాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, సరిహద్దు జిల్లాలవాళ్లకి బెంగళూరు నిమ్హాన్స్ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చేయండి. ఉచితం. మీ దగ్గర్లో ఎవరున్నారో చెబుతారు.

## థెరపీ మొదలయ్యాక

థెరపీలో అసలేం చేస్తారు? ఊరికే మాట్లాడటమేనా?

ప్రమాద భయానికి బాగా రుజువున్న పద్ధతి ట్రామా (మనసుకి తగిలిన దెబ్బ) మీద దృష్టిపెట్టే సీబీటీ, అంటే ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల చికిత్స. సాధారణంగా 8 నుంచి 12 సెషన్లు, వారానికొకటి, ఒక్కోటి గంట నుంచి గంటన్నర. మొదటి రెండింటిలో జరిగింది తెలుసుకోవడం, లక్షణాలు ఎందుకొస్తున్నాయో వివరించడం, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పడం ఉంటాయి. తర్వాత అసలు పని. ప్రమాదాన్ని మొదటి నుంచి చివరిదాకా వర్తమానంలో చెప్పిస్తారు: 'ఫ్లైఓవర్ దిగుతున్నాను, ఎడమపక్కన ఆటో ఉంది...' గొంతు ఎక్కడ ఆగిపోతుందో, ఏ ముక్కని దాటేసి ముందుకెళ్తున్నారో అక్కడే ఆగి మళ్లీ చెప్పిస్తారు. కొన్ని పద్ధతుల్లో ఆ చెప్పింది రికార్డు చేసి ఇంట్లో రోజూ వినమంటారు. విని విని అది గతానికి చెందిన కథగా మారుతుంది.

రెండో పని, మనసులో పాతుకుపోయిన తీర్పుని తరచి చూడటం. 'ఇంకాస్త ముందే బ్రేకు వేసి ఉంటే' అన్నది తరచూ వినపడే మాట. థెరపిస్టు ఓదార్చి ఊరుకోరు, లెక్క వేయిస్తారు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడటానికి సెకను నుంచి సెకనున్నర పడుతుంది. అంటే బ్రేకు పడకముందే 14 నుంచి 21 మీటర్లు పోయినట్టే. డివైడరు చాటునుంచి మనిషి 10 మీటర్ల దూరంలో అడ్డం వస్తే ఏ డ్రైవరైనా ఏం చేయగలడు? ఆ కాగితం చూసుకున్నాక, ఎంత ఓదార్చినా దిగని బరువు కొంత దిగుతుంది. నిజంగానే వేగంగా నడిపారనుకోండి, దాన్ని కప్పిపుచ్చరు. ఎంత మీది, ఎంత రోడ్డుది, ఎంత ఎదుటి బండిది అని వేరుచేస్తారు.

ఎక్కడ దెబ్బతింటుందంటే, కొందరు థెరపిస్టులు నెలల తరబడి ప్రాణాయామం, రిలాక్సేషన్‌తోనే సరిపెట్టి ప్రమాదం జోలికే వెళ్లరు. హాయిగానే ఉంటుంది, పీడకలలు అలాగే ఉంటాయి. అయిదారు సెషన్లయినా అసలు విషయం ఎత్తకపోతే ఎప్పుడు మొదలుపెడతారని అడిగేయండి.

ఈఎండీఆర్ అంటే వేలు అటూఇటూ ఊపడమేగా? పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఫ్రాన్సిన్ షాపిరో 1987లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. జ్ఞాపకంలో అతి బాధాకరమైన దృశ్యాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు వేలినో లైటునో కళ్లతో అనుసరించమంటారు. కొద్దిసేపయ్యాక ఆపి, ఏం తోచిందో చెప్పమంటారు. మళ్లీ మొదలు. పెద్దల పీటీఎస్‌డీకి దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. అసలు పని చేసేది కంటి కదలికా, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడమా అన్న వాదన నిపుణుల్లో ఇంకా ఉంది. జరిగింది వివరంగా నోటితో చెప్పలేనివాళ్లకి ఇది కాస్త తేలిక.

మూడు సెషన్లయ్యాక పీడకలలు ఎక్కువయ్యాయి. మానేయనా?

ఎక్కువమంది మానేసేది సరిగ్గా ఇక్కడే. ఇన్నాళ్లూ మూతపెట్టి ఉంచినదాన్ని తెరిచారు కాబట్టి కొద్దివారాలు కలలు, చిరాకు పెరగొచ్చు. భయానికి 0 నుంచి 100 దాకా అంకె వేసి రోజూ రాసుకోండి. అంకె మొదట పైకెళ్లి తర్వాత దిగుతుంటే దారి సరైనదే. వారాలు గడిచినా దిగకపోతే, తాగుడు పెరిగితే, చావాలనిపిస్తే, కూర్చున్నచోటే లోకం దూరమైపోయినట్టు తరచూ అనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా థెరపిస్టుకి ఫోన్ చేయండి. వేగం తగ్గిస్తారు, పద్ధతి మారుస్తారు.

మందులు వేసుకుంటే సరిపోదా?

థెరపీ దొరకనివాళ్లకి, డిప్రెషన్ ముదిరినవాళ్లకి మందులు అవసరమే. పీటీఎస్‌డీకి ఎక్కువగా రాసేవి సెర్ట్రలీన్, పారోక్సెటీన్, వెన్లాఫాక్సీన్. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వారానికే తగ్గలేదని ఆపేయడం తరచూ జరిగే పొరపాటు. నిద్రమాత్రల్లా ఇవి వ్యసనం కావు, కానీ ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు అనిపించడం వస్తాయి.

దెబ్బ తగిలినవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఈ మందులు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్‌తో కలిస్తే ఇంకో రకం చిక్కు. ఆర్థోపెడిక్ డాక్టరు చీటీ సైకియాట్రిస్టుకి, సైకియాట్రిస్టు చీటీ ఆయనకి చూపించండి. మీరు చూపించకపోతే ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకపోవచ్చు.

కాలు తీసేశారు. లేని పాదం మండుతోందంటే ఎవరూ నమ్మడం లేదు.

నిజమైన నొప్పే. పాదం పోయినా మెదడులో దాని పటం అలాగే ఉంటుంది. అద్దం చికిత్స కొందరికి బాగా పనిచేస్తుంది. నిలువెత్తు అద్దాన్ని రెండు కాళ్ల మధ్య పెట్టి, ఉన్న కాలి ప్రతిబింబం పోయిన కాలి చోట కనిపించేలా సర్దుకుని, ఆ కాలిని నెమ్మదిగా కదిలిస్తూ అద్దంలోకే చూడాలి. రోజుకి 15 నిమిషాల చొప్పున నాలుగు వారాలు చేసి చూడండి. మొదట్లో కొందరికి ఏడుపొస్తుంది, కళ్లు తిరుగుతాయి, అందుకే ఫిజియోథెరపిస్టు పక్కన ఉండగా మొదలుపెట్టాలి. అద్దం చికిత్సని ప్రాచుర్యంలోకి తెచ్చింది తమిళనాడులో పుట్టిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్. అవయవం పోయిన దుఃఖం వేరే విషయం, దానికి థెరపీలో విడిగా సమయం కావాలి.

## మళ్లీ రోడ్డెక్కడం

బండి దగ్గరికెళ్తేనే చేతులు వణుకుతున్నాయి. ఎలా మొదలుపెట్టాలి?

ముందు ఎముకల డాక్టరు సరేననాలి. తర్వాత భయానికి మెట్లు కట్టుకోండి, ఒక్కోదానికి 0 నుంచి 100లో అంకె వేసుకోండి. టూవీలర్ అయితే ఇలా ఉండొచ్చు: ఆపి ఉన్న బండిమీద హెల్మెట్ పెట్టుకుని కూర్చోవడం (25), స్టార్ట్ చేసి అక్కడే ఉంచడం (35), నమ్మకమైన మనిషి నడుపుతుంటే వెనక కూర్చుని వీధి చివరిదాకా వెళ్లడం (45), ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద తానే నడపడం (55), రద్దీ వేళ (75), ప్రమాదం జరిగిన జంక్షన్ (90).

ఒక్కో మెట్టు మీద భయం సగానికి దిగేదాకా ఉండాలి, సాధారణంగా అరగంట నుంచి ముప్పావుగంట. 60లో ఉండగానే దిగిపోతే, 'పారిపోయాను కాబట్టి బతికాను' అని మెదడు నేర్చుకుంటుంది. మర్నాడు అదే 70 అవుతుంది. వారానికొకసారి కాదు, దాదాపు రోజూ చేయాలి. ఒక మెట్టు వరసగా రెండు మూడు రోజులు 25 లోపు ఉంటే పైమెట్టుకి వెళ్లొచ్చు.

గమనించాల్సినవి ఇంకో రెండు. వెనక కూర్చున్నప్పుడు కళ్లు మూసుకోవడం, కాలితో లేని బ్రేకు తొక్కడం, 'నెమ్మదిగా, నెమ్మదిగా' అంటూనే ఉండటం భయాన్ని దాచిపెడతాయి, దింపవు. వాటిని ఒక్కొక్కటే మానాలి. హెల్మెట్, సీటు బెల్టు ఆ కోవలోకి రావు, అవి ఎప్పటికీ ఉండాల్సిందే. ఇంకోటి, మొదటిరోజే ఆ జంక్షన్‌కి తీసుకెళ్లి 'ఇక్కడే కదా, చూడు, ఏం లేదు' అనే బావగారు. అలాంటి ధైర్యం చెప్పడం ఎవరికీ అక్కర్లేదు.

## ఇంట్లోవాళ్లకి

ఏం మాట్లాడాలో తెలియడం లేదు. 'మర్చిపో' అంటే కోపమొస్తోంది.

'గండం గడిచింది, దేవుడికి దండం పెట్టుకో', 'ఇంకా ఎన్నాళ్లు అదే తలుచుకుంటావు' అన్నవి ప్రేమతో అన్నా, వినేవాడికి 'నీ బాధ చాలు' అన్నట్టే వినపడుతుంది. దానికి బదులు, 'ఇవాళ ఎలా ఉంది? బయటికి వెళ్దామా, ఇంట్లోనే ఉందామా?' అనడం మేలు.

రెండో వైపు కూడా తప్పు జరుగుతుంది. భయపడుతున్నాడని పాలప్యాకెట్ నుంచి బ్యాంకు పనిదాకా అన్నీ మీరే చేసిపెడితే భయానికి మేత వేసినట్టే. థెరపిస్టు ఇచ్చిన మెట్లలో ఏది ఈ వారం చేయాలో అడిగి, పక్కన ఉండండి, బదులు చేయకండి.

ఆరేళ్ల పిల్లాడు మళ్లీ పక్క తడుపుతున్నాడు. బొమ్మ కార్లు ఢీకొట్టిస్తున్నాడు.

పిల్లలు భయాన్ని మాటల్లో చెప్పరు, ఇలాగే చెబుతారు. తిట్టొద్దు, ఆట ఆపొద్దు. ఆటలో అంబులెన్సు రావడం, డాక్టరు కట్టు కట్టడం మీరు చేర్చొచ్చు. ఏం జరిగిందో వయసుకి తగ్గట్టు నిజమే చెప్పండి. దాచిపెడితే పిల్లలు తమ వల్లే జరిగిందనుకుంటారు. పడుకునే వేళ, బడి వేళ మారకుండా చూడండి. నెల దాటినా తగ్గకపోతే పిల్లలతో పనిచేసే సైకాలజిస్టుకి చూపించండి.

పక్కనున్న మనిషి పోయాడు, నేను మిగిలాను. ఈ తప్పుభావన పోతుందా?

తగ్గుతుంది, కానీ ఆలస్యంగా. చావు ఉన్నచోట పీటీఎస్‌డీతోపాటు దుఃఖం కూడా ఉంటుంది, రెండింటికీ థెరపీ ఒకటి కాదు. ఆసుపత్రిలో ఉండి అంత్యక్రియలకి, పెద్దకర్మకి వెళ్లలేకపోయినవాళ్లకి అది మరీ భారం. కోలుకున్నాక ఆ ఇంటికి వెళ్లడం, సంవత్సరీకానికి హాజరవడం, లేదా పోయిన మనిషికి ఉత్తరం రాయడం థెరపీలో భాగంగా చేయిస్తారు. ఏడాది తర్వాత కూడా బతుకు అక్కడే ఆగిపోతే ఆ దుఃఖానికే ప్రత్యేకమైన చికిత్స ఉంది.

## కేసు, ఖర్చు

ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21(4) సెక్షన్ ప్రకారం శరీర జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. చిక్కెక్కడంటే, చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి, థెరపీ మాత్రం దాదాపు ఎప్పుడూ ఓపీలోనే జరుగుతుంది. పాలసీలో ఓపీ కవర్ ఉందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి.

ట్రిబ్యునల్‌లో కేసు నడుస్తోంది. థెరపీకెళ్తే పిచ్చివాడినని కేసు కొట్టేస్తారా?

కొట్టేయరు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లు నొప్పి, వేదన, మానసిక ఆఘాతాన్ని పరిహారంలో ఒక పద్దుగా లెక్కిస్తాయి. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్దుని స్పష్టంగా చెప్పింది. అందుకు కాగితం కావాలి: మొదటిసారి ఎప్పుడు వెళ్లారు, ఏ జబ్బని రాశారు, ఎన్ని సెషన్లయ్యాయి, ఉద్యోగానికి ఎలా అడ్డమైంది. రసీదులు దాచండి. ప్రమాదమైన రెండేళ్లకి, సాక్ష్యానికి నెలముందు తెచ్చిన సర్టిఫికెట్‌కి విలువ తక్కువ.

కోర్టులో చెప్పాల్సి వచ్చిన వారం లక్షణాలు ఎగదన్నుతాయి. వాయిదా తేదీ థెరపిస్టుకి ముందే చెబితే అంతకుముందు ఒక సెషన్, తర్వాత ఒక సెషన్ పెడతారు.

తగ్గాక మళ్లీ వస్తుందా?

కొంత రావొచ్చు. ప్రమాదమైన తేదీ, అదే చోట ఇంకో ప్రమాదం చూడటం, తృటిలో తప్పించుకోవడం, రాడ్ తీయించుకోవడానికి మళ్లీ ఆసుపత్రిలో చేరడం, ఇవి కదిలిస్తాయి. కదిలిన రెండు మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంటే చికిత్స అక్కర్లేదు. ఆ రోజుల్లో దారి మాత్రం మార్చకండి, రోజూ వెళ్లే రోడ్డు మీదే వెళ్లండి. మళ్లీ తప్పించుకు తిరగడం మొదలైందనిపిస్తే ఒకటి రెండు సెషన్లు చాలు, మొదటినుంచి చేయనక్కర్లేదు. రాడ్ తీసే ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే ఆ అపాయింట్‌మెంటు కూడా తీసుకోండి.